మాట్లాడుకున్న గదికి మ్యాచ్ రోజున ధర పెంచారు, ఏం చేయాలి?

ప్రశ్న: మా ఇల్లు పర్లాకిమిడిలో, బట్టల దుకాణం పాతపట్నంలో. కటక్ బారాబతి స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ చూద్దామని అక్కడి లాడ్జిలో రాత్రికి 1,800 చొప్పున రెండు రాత్రులకు గది మాట్లాడి, 3,600 రూపాయలు ఫోనులోనే కట్టాను. రసీదు పంపారు. తీరా వెళ్లాక 6,500 ఇస్తేనే గది అన్నారు. గత్యంతరం లేక మరో చోట రాత్రికి 5,000 పోశాను. లాడ్జి నా డబ్బు ఇంతవరకు తిరిగి ఇవ్వలేదు. పైగా స్టేడియం బయట 1,500 టికెట్టును బ్లాకులో 4,000కు కొంటే, అది చెల్లదని గేటు దగ్గర ఆపేశారు. కేసు కోసం కటక్ తిరగాలా?

జవాబు: అవసరం లేదు. ఫిర్యాదుదారు ఉంటున్న చోటనైనా, స్వయంగా పని చేసుకుని సంపాదించే చోటనైనా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసుకోవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. ఇల్లు ఒడిశాలో, దుకాణం ఆంధ్రలో కాబట్టి గజపతి, శ్రీకాకుళం జిల్లాల కమిషన్లలో దేన్నైనా ఎంచుకోండి. రెండు చోట్లా మాత్రం వేయకూడదు. నేనైతే ఇంటికి దగ్గరని గజపతినే ఎంచుకుంటాను.

మ్యాచ్ ఉందని గదికి 6,500 అడగడమే తప్పని వాదించకండి, నిలవదు. లాడ్జి అద్దె ఇంతకు మించకూడదన్న సాధారణ చట్టమేదీ లేదు. 1,800కు ఒప్పుకుని, డబ్బు పుచ్చుకుని, గుమ్మంలో నిలబెట్టి మాట మార్చడమే తప్పు. చట్టం దాన్ని సేవాలోపం అంటుంది.

ఇక లెక్క. మరో లాడ్జికి కట్టిన 10,000, ఇక్కడ ఇరుక్కున్న 3,600, రెండూ కలిపి 13,600 అడగాలనిపిస్తుంది. అలా అడిగితే రెండు రాత్రులూ ఉచితంగా పడుకున్నట్టు అవుతుంది, ఎదుటి వకీలు ఊరుకోడు. ఎలాగూ 3,600 మీ ఖర్చే కదా. కాబట్టి ఆ 3,600 వాపసు, పైన పడిన 6,400 నష్టం, మొత్తం 10,000 అడగండి. మానసిక వేదనకు, కేసు ఖర్చులకు విడిగా కోరండి.

ముందుగా లాడ్జికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కొందరు ఆ దెబ్బకే దిగివస్తారు. రసీదు, వాట్సాప్ సందేశాలు, రెండో లాడ్జి బిల్లు భద్రంగా ఉంచండి. ఫోనులోని వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి కమిషన్‌లో ఫీజు లేదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, మా వృత్తివాళ్లకు ఈ మాట నచ్చకపోయినా.

టికెట్టు సంగతి దీనితో కలపకండి, అందులో లాడ్జి ప్రమేయం లేదు. తెలిసే ఎక్కువ ధర పెట్టారు కాబట్టి ఆ 2,500 గురించి ఎవరినీ నిలదీయలేరు. చెల్లని టికెట్టని తెలిసే అంటగట్టి ఉంటే మాత్రం అది భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం. నేరం కటక్‌లో జరిగినా పర్లాకిమిడి స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమని అడగండి. డబ్బు ఫోను ద్వారా పంపి ఉంటే ఆ లావాదేవీ సంఖ్యను, గేటు దగ్గర వెనక్కి ఇచ్చిన టికెట్టును వెంట తీసుకెళ్లండి.