అంటుకునే మందు కణాల గురించి సింధుకు

చిరంజీవి సింధుకు ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రాజెక్టు ప్రతిపాదన శ్రద్ధగా చదివాను. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ను కైటోసాన్ (రొయ్య, పీత పెంకుల నుంచి తీసే పాలిమర్, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువుల పదార్థం) కణాల్లో నింపి, అవి జీర్ణాశయంలో అంటుకుని ఉండి, అక్కడ పుండ్లు కలిగించే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా మీద గంటల తరబడి మందు వదిలేలా చేయాలన్న ఆలోచన మంచిదే. అయితే నువ్వు ముందు పాలిమర్‌ను ఎంచుకుని, అది అంటుకోవలసిన చోటు గురించి తరువాత ఆలోచించావు. మన హైదరాబాద్ ఫార్మసీ కాలేజీల్లో వచ్చే థీసిస్‌లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి, ఎందుకంటే బీరువాలో ఉన్నది కైటోసాన్. ఈ వరుసను నువ్వు తిరగెయ్యాలి.

కణం అంటుకునేది జీర్ణాశయపు గోడకు కాదు, గోడను కప్పి ఉన్న శ్లేష్మానికి. ఆ శ్లేష్మం పైనుంచి ఊడిపోతూ, అడుగు నుంచి కొత్తగా ఊరుతూ ఉంటుంది. ఎలుకల పేగుల్లో అది పూర్తిగా మారడానికి సుమారు 50 నుంచి 270 నిమిషాలు పడుతుందని కొలిచారు. కనుక జిగురు ఎంత గట్టిదైనా, తాను పట్టుకున్న శ్లేష్మంతో పాటే కొట్టుకుపోతుంది. పైగా కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి 90 నుంచి 120 నిమిషాలకు ఒకసారి బలమైన కదలిక పుట్టి, లోపల మిగిలినదాన్ని పేగులోకి ఊడ్చేస్తుంది. అందుచేత ప్రతిపాదనలోని '24 గంటల నియంత్రిత విడుదల' అన్న మాట తీసెయ్యి. నాలుగు గంటలు నిలిచే కణాన్ని తయారుచేసి, భోజనం తరువాత ఇచ్చేలా ఆలోచిస్తే అది నిజాయితీగల లక్ష్యం అవుతుంది.

ఇంకొక చిక్కు ఉంది. ఈ బ్యాక్టీరియా శ్లేష్మపు పైపొరలో కాక, అడుగున కణజాలానికి దగ్గరగా కాపురముంటుంది. శ్లేష్మంలోని రంధ్రాలు కొన్ని వందల నానోమీటర్లకు మించవు కాబట్టి, నువ్వు అనుకున్న మైక్రాన్ల (అంటే వేల నానోమీటర్ల) కణం పైనే ఆగిపోతుంది. 2007లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 200, 500 నానోమీటర్ల కణాలకు పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే, శ్లేష్మానికి అంటుకోని పాలిమర్‌ను దట్టంగా పూసి, అవి అంటుకోకుండా ఉండడం వల్లనే మనిషి యోని, గర్భాశయ ముఖద్వారాల శ్లేష్మంలోకి త్వరగా చొచ్చుకుపోతాయని చూపించారు. అంటే అంటుకోవడం, చొచ్చుకుపోవడం ఒకదానికొకటి ఎదురు గుణాలు. పైపొరలో నిలిచి మందును కిందికి వదలడమా, కణమే కిందికి దిగడమా అన్నది ముందే తేల్చుకో. నీ సమయానికి, నీ పరికరాలకు మొదటిదే కుదురుతుందని నా అభిప్రాయం.

ఇక పాలిమర్. కైటోసాన్ ఆమ్లంలో ధనావేశం పొంది, శ్లేష్మానికి జిగట నిచ్చే మ్యూసిన్ అనే ప్రోటీన్‌లోని ఋణావేశపు సయాలిక్ ఆమ్లాన్ని పట్టుకుంటుంది, నిజమే. కాని అదే ఆమ్లంలో అది కరిగిపోతుంది కూడా. అలా కరగకుండా గొలుసులను ఒకదానికొకటి కట్టే బంధకాలు వాడతారు. వాటిలో ట్రైపాలీఫాస్ఫేట్‌తో కట్టిన బంధాలు జీర్ణాశయంలో ఉండేంత ఆమ్లతలో, పీహెచ్ 1.2 దగ్గర, సడలిపోతాయి. గ్లూటరాల్డిహైడ్ అనే మరో బంధకం గట్టిగా కడుతుంది గాని, కణంలో మిగిలిపోయిన దాని విషగుణం గురించి వైవాలో (మౌఖిక పరీక్షలో) అడగక మానరు. బంధాలు పెంచినకొద్దీ కణం నిలుస్తుంది కాని, పాలిమర్ గొలుసులకు కదలిక తగ్గి శ్లేష్మంతో పెనవేసుకోలేవు. బొత్తిగా తగ్గిస్తే కణం అతిగా ఉబ్బుతుంది. సబ్జా గింజ కాస్త తడిసినప్పుడు వేలికి అంటుకుని, పూర్తిగా నానాక జారిపోతుంది కదా, ఇదీ అంతే. అందుకే ఉబ్బుదల పరీక్షనూ అంటుకునే పరీక్షనూ ఒకే బ్యాచ్ మీద, ఒకే వేళల్లో చెయ్యి.

పరీక్షల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. సీసాల్లో అమ్మే మ్యూసిన్ పొడి శుద్ధిచేసే క్రమంలో దెబ్బతిని ఉంటుంది. అది అసలు శ్లేష్మంలా జెల్ కట్టదు. దానితో కలిపి జీటా పొటెన్షియల్ (కణం ఉపరితలపు విద్యుదావేశానికి కొలత) మార్పు చూడవచ్చు గాని, అంతకు మించి ఏమీ తేల్చకు. హైదరాబాద్ దగ్గరి చెంగిచర్ల కబేళా నుంచి తాజా మేక కణజాలం తెప్పించుకో. అక్కడ 'కడుపు' అని అడిగితే చేతిలో పెట్టేది బోటీ. మేక నెమరువేసే జంతువు. దాని కడుపులోని నాలుగు అరల్లో మొదటి మూడింటికి శ్లేష్మ గ్రంథులు లేవు, మన జీర్ణాశయానికి పోలిక ఉన్నది నాలుగో అర ఒక్కటే. లోపల గరుకుగా, నూగు నూగుగా తగిలితే అది మొదటి అర, పనికిరాదు. నున్నటి మెత్తటి మడతలతో, తాకితే జారుతూ ఉన్నదే నీకు కావలసినది. దాన్ని ఐస్ పెట్టెలో చల్లని సెలైన్‌లో తీసుకురా. కుళాయి కింద మాత్రం కడగకు, కడిగితే నువ్వు కొలవవలసిన శ్లేష్మమే పోతుంది.

అంటుకున్నదాన్ని ఊడదీయడానికి కావలసిన బలాన్ని కొలిచే టెక్స్చర్ ఎనలైజర్ దొరికితే, ఎంత బలంతో ఎంతసేపు అదిమిపెట్టావో ప్రతి అంకె పక్కనా రాయి. అవి మారితే ఫలితం మారుతుంది. దొరకకపోయినా కంగారు పడకు. కణజాలాన్ని గాజు పలక మీద కట్టి, లెక్కపెట్టిన కణాలు చల్లి, డిసింటిగ్రేషన్ పరికరంలో (మాత్రలు కరిగి విడిపోయే వేళను చూసేందుకు ద్రవంలో పైకీ కిందికీ ఆడించే యంత్రంలో) ఆడిస్తూ గంటగంటకూ మిగిలినవి లెక్కించే పద్ధతి చవకైనదే అయినా నమ్మదగినది. పక్కన అంటుకోని ఇథైల్ సెల్యులోజ్ కణాలను కూడా పెట్టు, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

'లక్ష్యిత' (కావలసిన చోటికే మందును చేర్చేది) అన్న మాటను శీర్షికలో తొందరపడి పెట్టకు. విద్యుదావేశంతో అంటుకునే పాలిమర్ చోటు చూసి అంటుకోదు, ఎదురైన అన్నం మెతుకుకూ ఊడిన శ్లేష్మానికీ అంతే ఇష్టంగా అతుక్కుంటుంది. ముందు మందు లేని ఖాళీ కణాలతో నాలుగు గంటల పరీక్ష పూర్తిచెయ్యి. సగం కూడా నిలవకపోతే అమాక్సిసిలిన్ సీసా తెరవవద్దు, బంధకం మోతాదు దగ్గరికి తిరిగి వెళ్ళు.