పర్సెప్షన్ కొలిచే చదువు గురించి నా చెల్లెలి కూతురికి

అమ్మలూ,

సైకాలజీలో పీజీ, అదీ పర్సెప్షన్‌ని, అంటే మనిషికి ఏది కనిపిస్తుంది, ఏది తెలుస్తుంది అన్నదాన్ని కొలిచే వైపు వెళ్దామనుకుంటున్నావని చదివి చాలా సంతోషమేసింది, ఇన్నేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే, దీని గురించి అడిగేవాళ్లే తక్కువ. ఏ యూనివర్సిటీ మంచిది అని అడిగావు, దానికి వస్తాను గానీ ముందు ఒక్క మాట. ఈ సబ్జెక్టులో అసలు చిక్కు ఏంటంటే మనిషికి కనిపించింది వేరు, కనిపించిందని చెప్పింది వేరు. మన చేతికి దొరికేది రెండోది, మనకి కావాల్సింది మొదటిది. ఈ రెండిటినీ విడదీయడం వస్తే సగం చదువు అయిపోయినట్టే.

ఒక లెక్క చెప్తా చూడు. మసక వెలుగు 100 సార్లు చూపించావనుకో, ఒకాయన 90 సార్లు కనిపించింది అన్నాడు, ఇంకొకామె 70 సార్లే అంది. ఎవరి చూపు మెరుగు? ఆయనదే అనేస్తాం. కానీ ఏమీ చూపించకుండా కూడా 100 సార్లు అడిగితే ఆయన 60 సార్లు కనిపించింది అన్నాడు, ఆమె 10 సార్లే అంది. అప్పుడు డీ ప్రైమ్, అంటే ఉన్నదాన్నీ లేనిదాన్నీ ఎంత బాగా విడదీయగలరో చెప్పే అంకె, లెక్క కడితే ఆయనకి దాదాపు 1, ఆమెకి 1.8 వస్తుంది, అంటే ఆమె చూపే చురుకు, ఆయన ఊరికే అవును అనే రకం అంతే. దీన్నే సిగ్నల్ డిటెక్షన్ థియరీ అంటారు, గ్రీన్, స్వెట్స్ అనే ఇద్దరు 1966లో దీని మీద పెద్ద పుస్తకమే రాశారు. నువ్వు ఇంకేం చదివినా చదవకపోయినా ఈ లెక్క మాత్రం కాయితం మీద చేత్తో చేసి చూడు, సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చి జవాబు తీసుకుంటే ఒంటబట్టదు.

చరిత్ర కొంచెం తెలిస్తే చాలు. బరువుల్లో తేడా ఎంత ఉంటే చేతికి తెలుస్తుంది అని వెబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూశాడు, తేడా ఎన్ని గ్రాములు అన్నది కాదు, మొత్తం బరువులో ఎన్నో వంతు అన్నదే ముఖ్యం అని తేలింది. ఫెక్నర్ ఫిజిక్స్ నుంచి వచ్చినవాడు, 1860లో ఈ శాస్త్రానికి సైకోఫిజిక్స్ అని పేరు పెట్టి పునాది వేశాడు. ఆయన చెప్పిన మూడు పద్ధతులు ఇప్పటికీ లాబుల్లో వాడుతూనే ఉన్నాం. వెలుగు లాంటిది పెరిగేకొద్దీ మనకి అనిపించేది దాని లాగరిథం లెక్కన పెరుగుతుందని ఫెక్నర్ అన్నాడు, ఆ తర్వాత 1957లో స్టీవెన్స్ అనే సైకాలజిస్టు అది తప్పని, ఘాతం లెక్కన పెరుగుతుందని పవర్ లా తెచ్చాడు, ఆ గొడవ ఇంకా పూర్తిగా తెగలేదు, నీకు ఆసక్తి ఉంటే మంచి థీసిస్ అందులోనే ఉంది.

ఇప్పుడు అసలు సలహా. వేరేవాళ్ల మీద ఎక్స్‌పరిమెంట్ చేసేముందు నువ్వే కూర్చో. చీకటి గది, గడ్డం ఆనించే స్టాండు, స్క్రీన్ మీద రెండు ఫ్లాష్‌లు, గీతలు మొదటిదాంట్లో ఉన్నాయా రెండోదాంట్లోనా, బటన్ నొక్కాలి. వరసగా రెండు కరెక్ట్ అయితే ఇంకా మసగ్గా అవుతుంది, ఒకటి తప్పితే కాస్త తేటపడుతుంది, అలా ఎక్కుతూ దిగుతూ దాదాపు 71 శాతం కరెక్ట్ అయ్యే చోట నిలుస్తుంది, దాన్నే స్టెయిర్‌కేస్ అంటాం. కాసేపటికి ఏమీ కనిపించట్లేదు, ఊరికే నొక్కుతున్నా అనిపిస్తుంది, తీరా డేటా చూస్తే సగం కంటే బాగా ఎక్కువే కరెక్ట్ ఉంటాయి. తనకి తెలియదనుకున్నది కూడా మనిషికి తెలుసు అనే సంగతి అక్కడ కూర్చుంటేనే నమ్మకం కుదురుతుంది. హెక్ట్, ష్లేర్, పిరెన్ అనే ముగ్గురు 1942లో కంటిలో 5 నుంచి 14 ఫోటాన్లు, అంటే వెలుగు కణాలు, పట్టుబడితే చాలు వెలుగు తెలుస్తుందని తేల్చారు, ఆ చీకట్లో కూర్చుని చూసింది కూడా వాళ్లే.

ఇంకోటి, స్క్రీన్‌ని నమ్మకు. మామూలు 8 బిట్ మానిటర్‌లో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లే ఉంటాయి, మధ్య బూడిద రంగు దగ్గర ఒక మెట్టు కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, దాదాపు 0.8 శాతం, మంచి కన్ను అంతకంటే తక్కువ తేడా కూడా పట్టేస్తుంది, అంటే నువ్వు కొలిచేది మనిషిని కాదు మానిటర్‌ని. పైగా స్క్రీన్‌కి ఇచ్చే అంకె రెట్టింపు చేస్తే వెలుగు రెట్టింపు అవ్వదు, ఆ వంకరనే గామా అంటారు, దాన్ని సరిచేయాలి, లైట్ మీటర్ పెట్టి కొలిచి సరిచేయాలి. దూరం 57 సెంటీమీటర్లు పెట్టుకుంటే స్క్రీన్ మీద ఒక సెంటీమీటరు కంటి దగ్గర సుమారు ఒక డిగ్రీ కోణం చేస్తుంది, లెక్కలు తేలికవుతాయి. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద 10 మిల్లీసెకన్లు చూపించాను అని ఎవరైనా రాస్తే నమ్మొద్దు, ఒక్కో ఫ్రేమే 16.7 మిల్లీసెకన్లు కదా.

మ్యాథ్స్ అంటే భయం అన్నావు. ప్రాబబిలిటీ, లాగరిథం, కర్వ్ ఫిట్టింగ్ గట్టిగా వస్తే మొదలెట్టడానికి చాలు. కోడింగ్ మాత్రం తప్పదు, పైథాన్ నేర్చుకో.

ఇక యూనివర్సిటీ. పేరు చూసి వెళ్లకు, గైడ్‌ని చూసి వెళ్లు. ఆ లాబ్ పేపర్లు తీసి చూడు, ఒక్కో మనిషి గ్రాఫ్ విడిగా వేస్తున్నారా లేక అందరినీ కలిపి సగటు తీసి ఒక్క బొమ్మ వేస్తున్నారా. నలుగురే ఉన్నా ఒక్కొక్కరి దగ్గర వేల ట్రయల్స్ తీసుకుని నాలుగు కర్వ్‌లూ చూపించే చోటికి నేనైతే కళ్లు మూసుకుని వెళ్తాను. అక్కడి స్టూడెంట్స్‌ని కూడా అడుగు, మానిటర్ ఆఖరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారు అని. జవాబు చెప్పడానికి తడుముకుంటే అర్థం చేసుకో.

అప్లికేషన్ పెట్టేలోపు సైకోపై దించుకుని, ఇలాంటి ఎక్స్‌పరిమెంట్లు రాసుకునే సాఫ్ట్‌వేర్, ఉచితమే అది, ఒక చిన్న స్టెయిర్‌కేస్ రాసి నువ్వే చేసి ఆ ఫైల్ నాకు పంపు. గ్రాఫ్ ఇద్దరం కలిసి గీద్దాం.

పెద్దమ్మ