మా ఊరి హైస్కూల్లో ల్యాబ్ లేదు. పిల్లలకు సైన్సు, పర్యావరణం చేయించి చూపించే అవకాశాలు ఎక్కడ దొరుకుతాయి?

ఇరవై రెండేళ్లు గుంటూరు జిల్లా పల్లెటూరి బళ్లలో బయాలజీ చెప్పినవాణ్ణి. అందుకని నా జవాబు కాస్త కోపంగానే ఉంటుంది, ఏమనుకోకండి.

ల్యాబ్ లేదంటున్నారు. ముందు స్టాఫ్ రూములో బీరువా తాళం తీయించి చూడండి. నేను పనిచేసిన ఒక బళ్లో మైక్రోస్కోపుకి వచ్చిన కవరు వచ్చినట్టే ఉంది. బీరువా తాళం చెవి ఉన్నాయన్ని అడిగితే, "స్టాక్ రిజిస్టర్లో నా సంతకం ఉంది మాస్టారూ, పగిలితే ఎవరు కడతారు?" అన్నారు. ఆయన్నీ అనలేం. అద్దం పగిలితే అడిగేవాళ్లున్నారు గానీ, పిల్లలు ఉల్లిపొర చూశారా లేదా అని అడిగినవాణ్ణి నా సర్వీసులో ఒక్కణ్ణీ చూడలేదు.

అదే బడి వెనక చేతిపంపు పక్కన ఒక సిమెంటు తొట్టి ఉండేది. ఒక ఆగస్టులో ఏడో తరగతి కుర్రాడు హార్లిక్స్ సీసా నిండా ఆ నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "సార్, చేపపిల్లలు! నేను పెంచుకుంటా."

అవి దోమ లార్వాలు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. "సరే, పెంచు" అన్నాను. పాత దోమతెర ముక్క ఒకటి సీసా మూతికి కప్పి, రబ్బరు బ్యాండు వేసి, స్టాఫ్ రూము కిటికీలో పెట్టించాను. మధ్యాహ్న భోజనంలోంచి నాలుగు మెతుకులు తెచ్చి వేశాడు వాడు. రెండో రోజుకి నీళ్లు కంపు కొట్టాయి, చేపపిల్లలు మాత్రం హుషారుగా ఉన్నాయి. సీసా మీద గోటితో కొడితే మెలికలు తిరుగుతూ అడుక్కి పోతాయి, కాసేపటికి మళ్లీ పైకొచ్చి తలకిందులుగా వేలాడతాయి. "చేప అయితే తోక నీళ్ల పైకి పెట్టి ఊపిరి పీలుస్తుందా ఏంటి?" అని ఒక అమ్మాయి అడిగింది. "ఇది వేరే రకం చేప" అన్నాడు వీడు. తగ్గలేదు.

గురువారానికి కొన్ని కామా ఆకారంలోకి ముడుచుకుపోయాయి. వాడికి దిగులు, రోగం వచ్చిందని. శనివారం పదకొండు గంటల ప్రాంతంలో ఒక కామా వీపు చిట్లింది. భూతద్దం వాడి చేతిలోనే ఉంది. లోపల్నుంచి ఒక దోమ మెల్లగా పైకి లేచి, తన తొడుగునే పడవలా చేసుకుని, దాని మీద నిలబడి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. వాడు చాలాసేపు కిక్కురుమనలేదు. తర్వాత నా వైపు తిరిగి, "సార్, నేను దోమల్ని పెంచానా?" అన్నాడు.

ఆదివారం ఎప్పుడో రబ్బరు బ్యాండు తెగింది. సోమవారం పొద్దున్న స్టాఫ్ రూము తలుపు తీసిన లెక్కల మాస్టారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ముందు బయటికొచ్చేవి చాలావరకు మగదోమలేననీ, మగవి కుట్టవనీ హెడ్మాస్టారికి చెప్పి చూశాను. ఆయన మోచేయి గోక్కుంటూ విన్నారు.

ఆ వారం పిల్లల్ని ఆపడం నా వల్ల కాలేదు. కొబ్బరిచిప్పలు, పాత టైర్లు, కూలర్లు, ఫ్రిజ్ వెనక నీళ్ల పళ్లెం, దేనినీ వదల్లేదు. నీళ్ల పైభాగాన ఏటవాలుగా వేలాడేది క్యూలెక్సో ఏడిసో, నీటికి సమాంతరంగా పడుకునేది మలేరియా తెచ్చే అనాఫిలిస్. పెద్దయ్యాక కాళ్ల మీద తెల్ల పట్టీలుంటే డెంగ్యూ తెచ్చే ఏడిస్. ఇవి నేను బోర్డు మీద రాయలేదు, వాళ్లే సీసాల్లో చూసి పుస్తకంలో గీసుకున్నారు. దోమ పొట్టలో మలేరియా క్రిమిని బ్రిటిష్ డాక్టరు రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే అంటే ఒక్కడూ నమ్మలేదు. బేగంపేటలో ఆ భవనం ఇంకా ఉందని చెప్పాక, ఎప్పుడు తీసుకెళ్తారని నా ప్రాణం తీశారు.

ఇక మన సైన్స్ ఫేర్లు చూడండి. థర్మోకోల్ అగ్నిపర్వతం, నాన్న కొనిచ్చిన వర్కింగ్ మోడల్, దాని పక్కన కంఠతా పట్టిన ఇంగ్లీషు. వనమహోత్సవం వస్తే పోయినేడు తవ్విన గోతిలోనే కొత్త మొక్క, వెనక "ప్లాస్టిక్‌ను తరిమికొడదాం" అని ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీ ప్లాస్టిక్ కాదనుకుంటారు కాబోలు.

సరే, మీరడిగింది అవకాశాల గురించి కదా. కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ వాళ్లకు పెద్ద సైన్స్ క్యాంపస్ ఉంది. వ్యాన్లలోనూ మోటారు సైకిళ్ల మీదా ప్రయోగ సామాను బళ్లకే తీసుకెళ్తారు, అడిగి చూడండి. జన విజ్ఞాన వేదిక వాళ్లు బడి పిల్లలకు పెట్టే సైన్సు పోటీలు, చెకుముకి సంబరాలకు పిల్లల్ని పంపండి. కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్ మానక్‌లో ఐడియా ఎంపికైతే పిల్లవాడి పేరున పది వేలు వస్తాయి, కాకపోతే ఐడియా వాడిదే అయ్యుండాలి, మీది కాదు. మీ బళ్లో నేషనల్ గ్రీన్ కోర్ ఎకో క్లబ్, అంటే పిల్లల పర్యావరణ క్లబ్బు, కాగితాల మీద ఉండే ఉంటుంది, దాన్ని లేపండి. గుంటూరు దగ్గరైతే ఉప్పలపాడు వెళ్లండి. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని ఉంటాయి. నేను నలభై మందికి ఒకే బైనాక్యులర్‌తో వెళ్లాను. దానికోసం కొట్టుకున్నారు గానీ, గూళ్లు లెక్కపెట్టడానికి వట్టి కళ్లే సరిపోయాయి.

ఇవేవీ కుదరకపోతే ఒక సీసా, తొట్టి నీళ్లు చాలు. గుడ్డ మాత్రం రెండు మడతలు వేయండి. రబ్బరు బ్యాండుని నమ్మకండి, పురికొసతో గట్టిగా కట్టండి. శనివారం సాయంత్రం ఇంటికెళ్లేముందు ఒకసారి లాగి చూసుకోండి.