మళ్లీ కనిపించని మనిషికి థాంక్స్ చెప్పడం అంత అవసరమా?

"సాయం చేసింది ముక్కూమొహం తెలియని మనిషి, మళ్లీ కనిపించడు కూడా. థాంక్స్ చెబితే ఎంత, చెప్పకపోతే ఎంత?" అని కదా ప్రశ్న. తేడా ఉంది. తాము చేసింది పనికొచ్చిందా, లేక అనవసరంగా కల్పించుకున్నామా అన్నది సాయం చేసినవాళ్లకి చాలాసార్లు తెలియదు. ఆ సందేహం తీర్చేది మీ మాటే. అందుకే ఉత్త "థాంక్స్" కన్నా "మీరు ఆ చివర పట్టుకోబట్టి పెట్టె మెట్లు దిగింది, లేకపోతే చెయ్యి జారేదే" అంటే బాగా తగులుతుంది. చేసిన పని, తప్పిన ఇబ్బంది, రెండూ ఒక్క వాక్యంలో. చూపు ఫోన్ మీద కాకుండా మనిషి మీద ఉండాలి. ఐదు సెకన్లు చాలు.

చాలామంది నోరు మెదపనిది మొహమాటంతోనే. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన పరిశోధనలో, కృతజ్ఞతగా ఉత్తరాలు రాసినవాళ్లు అవతలివాళ్ల ఇబ్బందిని ఎక్కువగా, సంతోషాన్ని తక్కువగా అంచనా వేశారు. అవి తెలిసినవాళ్లకి రాసినవే అనుకోండి. మొహమాటం మాత్రం ఇక్కడా అదే.

చెడేది ఎక్కడంటే, "అయ్యో, మీకు శ్రమ ఇచ్చాను, సారీ" అని పదేపదే అనడం దగ్గర. అప్పుడు వాళ్లే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. డబ్బు చేతిలో పెట్టబోయినా అంతే, అభిమానంతో చేసింది కాస్తా కూలిపని అయిపోతుంది. హడావిడిలో ఉన్న మనిషినైతే ఆపకండి, తలూపి ఓ నవ్వు నవ్వండి.