పేగులోని బ్యాక్టీరియాకూ, నరాలకూ, రోగనిరోధక కణాలకూ నిజంగా సంబంధం ఉందా?

ఉంది, అదీ చాలా దగ్గరి సంబంధం. పేగు గోడలో 10 కోట్లకు పైగా నరకణాలున్నాయి. మెదడు ఆజ్ఞ లేకుండానే అవి పేగును కదిలించగలవు. వాటి పక్కనే మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలుంటాయి. క్రిములను మింగడమే వీటి పని అని చాలామంది అనుకుంటారు. కానీ కండరాల పొరలో ఉండేవి ఇంకో పని కూడా చేస్తాయి. 2014లో ఎలుకలపై జరిగిన పరిశోధనలో అది బయటపడింది. ఈ మాక్రోఫేజ్‌లు బీఎంపీ-2 అనే ప్రొటీన్‌ను వదులుతాయి, దాన్ని అందుకున్న నరాలు పేగు కదలికను సర్దుతాయి. నరాలు తిరిగి సీఎస్‌ఎఫ్-1 అనే ప్రొటీన్‌ను ఇస్తాయి, మాక్రోఫేజ్‌ల మనుగడకు అది అవసరం. ఈ ఇచ్చిపుచ్చుకోవడం సాగాలంటే బ్యాక్టీరియా ప్రేరణ ఉండాలి. యాంటీబయాటిక్స్‌తో బ్యాక్టీరియాను తగ్గించినప్పుడు ఆ రెండు ప్రొటీన్లూ తగ్గాయి, పేగు కదలికా మారింది. నన్ను బాగా ఆశ్చర్యపరిచేది ఇదే: మూడింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా పనిచేయడం లేదు.

నొప్పిని గ్రహించే నరాలూ కాపలా కాస్తాయి. టైఫాయిడ్ క్రిమి కుటుంబానికి చెందిన సాల్మొనెల్లా, పేగు లోపొరలోని ఎం-కణాల గుండా చొరబడుతుంది. ఎలుకల్లో ఈ నరాలు సీజీఆర్‌పీ అనే రసాయనాన్ని వదిలి ఎం-కణాల సంఖ్యను తగ్గిస్తాయని 2020లో తేలింది, అంటే దారినే ఇరుకు చేస్తాయన్నమాట.

ఇవి ఎలుకల ఫలితాలు కాబట్టి, వీటిని చూపించి ప్రోబయాటిక్ మాత్రలు అమ్మేవాళ్లను నమ్మకండి. అయితే తీవ్రమైన విరేచనాలు తగ్గిపోయాక కూడా కొందరికి నెలల తరబడి కడుపునొప్పి, ఐబీఎస్ (పదేపదే కడుపునొప్పితో పాటు విరేచనాలో మలబద్ధకమో వేధించే పేగు సమస్య) ఎందుకు మిగిలిపోతాయో వెతికేవారు ఇప్పుడు ఈ మూడింటినీ కలిపే చూస్తున్నారు.