మెత్తటి అంగిలిపై పరిశోధనా, డేటా సైన్సా?

ప్రశ్న: మా అమ్మాయి బయోమెడికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. మాట్లాడేటప్పుడు అంగిలి వెనకవైపు మెత్తటి భాగం కదిలే తీరును కంప్యూటర్‌లో నమూనాగా రూపొందించే పరిశోధన చేస్తానంటోంది. మేము డేటా సైన్స్ చదవమంటున్నాం. రెంటిలో ఏది మేలు?
- ఒక తండ్రి, వరంగల్

జవాబు: మీరు పోలిక అడిగారు గానీ, నాలాంటివారికి తరచూ వచ్చే ఇలాంటి ఉత్తరాల వెనక ఉండే అసలు దిగులు, అమ్మాయి ఏం చదువుతోందని బంధువులు అడిగితే ఏమని చెప్పాలన్నదే. అందుకే ముందు ఆ చదువేమిటో చూడండి.

చల్లటి చిన్న అద్దాన్ని ముక్కు కింద పట్టుకుని ‘బా’ అని, తర్వాత ‘మా’ అని పలకండి. పెదవులు రెండింటికీ ఒకేలా మూసుకున్నా, అద్దం మీద ఆవిరి పట్టేది ‘మా’ అన్నప్పుడే. ‘బా’ అనేటప్పుడు మెత్తటి అంగిలి పైకి లేచి ముక్కులోకి గాలి పోయే దారిని మూసేస్తుంది. ‘మా’కు దిగి తెరుస్తుంది. అంగిలి చీలికతో పుట్టిన పిల్లల్లో కొందరికి, శస్త్రచికిత్స అయ్యాక కూడా ఆ దారి పూర్తిగా మూసుకోక మాట ముక్కుతో వస్తుంది. ఎంఆర్‌ఐ చిత్రాల నుంచి ఆకారాన్ని తీసుకుని, అంగిలిని పైకి లాగే కండరం ఎంత బలంతో, ఏ దిశలో లాగితే దారి మూసుకుంటుందో ఆ ఆకారాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడదీసి చూసే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో లెక్కగట్టడమే మీ అమ్మాయి కోరుకుంటున్న పని. ఇది చెప్పుకోవడానికి మొహమాటపడాల్సిన చదువా?

డేటా సైన్స్ పట్ల నాకు వ్యతిరేకత లేదు. అయితే ఏ రంగపు లోతూ తెలియకుండా, కొద్ది నెలల కోర్సుతో నాలుగు సాఫ్ట్‌వేర్లు నేర్చుకుని, ఒకే రకం సర్టిఫికెట్‌తో ఒకే ఉద్యోగానికి పోటీపడే పిల్లలను చూస్తుంటే, ఆ దారి మీరనుకున్నంత భద్రమైనదని నమ్మలేకపోతున్నాను. పక్కింటి అబ్బాయి జీతం మీ అమ్మాయి అభిరుచికి కొలబద్ద ఎలా అవుతుంది? ఇష్టమేమిటో ఇంత స్పష్టంగా చెప్పగలిగిన పిల్లను ఆ మాట మీద నిలవనివ్వకపోవడం మీ తప్పే.

ఒక్కటి మాత్రం దాచను: కేవలం ఈ అంశం మీద ఉద్యోగాలు తక్కువ, అవీ ఎక్కువగా పీహెచ్‌డీ తర్వాత విశ్వవిద్యాలయాల్లోనే. కానీ దీనికోసం నేర్చుకునే ప్రోగ్రామింగ్, మెకానిక్స్, వైద్య చిత్రాల విశ్లేషణ వైద్య పరికరాల సంస్థల్లోనూ పనికొస్తాయి, కాబట్టి దారులు మూసుకుపోతాయన్న భయం అక్కర్లేదు. మైసూరులో 1965లో ఏర్పాటైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, బెంగళూరులోని ఐఐఎస్‌సీ, హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ వాక్కుకు సంబంధించిన పరిశోధనకు పేరున్నవి. అక్కడి అధ్యాపకులకు అమ్మాయినే ఉత్తరాలు రాయనివ్వండి. ఈలోగా బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్టిసింథ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న నమూనా నడిపి చూడమనండి. ఆ పని ఆమెకు విసుగు పుట్టిస్తే, డేటా సైన్స్ మాట అప్పుడు మళ్లీ ఎత్తవచ్చు.