తొలి వ్యాపారంలో మనవాళ్ల దగ్గరే కాగితం ముఖ్యం

ఉద్యోగంలో ఉన్న కతోలికుడినని, మొదటిసారి సొంత వ్యాపారం పెట్టాలనుకుంటున్నానని, విశ్వాసానికి భంగం కలగకుండా నష్టభయాన్ని ఎలా తగ్గించుకోవాలో చెప్పమని మీరు అడిగారు. 14 ఏళ్లుగా చిన్న ముద్రణాలయం నడుపుతున్న కతోలికుడిగా నా అనుభవంలోంచి సమాధానం రాస్తున్నాను. పన్నులు, లైసెన్సులు, మార్కెట్ పరిశీలన గురించి నాకంటే బాగా చెప్పగలవారు చాలామంది ఉన్నారు. అయితే మనలాంటివారి తొలి వ్యాపారాన్ని ముంచేవి అవేవీ కావని నా గట్టి నమ్మకం. మనవాళ్ల దగ్గర ఒప్పంద కాగితం అడగలేని మొహమాటమే మనల్ని ముంచుతుంది. ఆ మొహమాటానికి మనం విశ్వాసమని పేరు పెట్టుకుంటాం కనుక దాన్ని సకాలంలో గుర్తించలేం.

నాకు వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు మా విచారణ (ఒక గురువు కింద ఉండే స్థానిక కతోలిక సమాజం) నుంచే వచ్చింది. దేవాలయానికి 50 ఏళ్లు నిండుతున్న సందర్భంగా 160 పుటల జూబిలీ సంచిక 1,000 ప్రతులు కావాలని ఒక ఆదివారం పూజ ముగిశాక దేవాలయం మెట్ల మీద విచారణ గురువు నాతో చెప్పారు. సలహా సంఘం సభ్యులు ఇద్దరు పక్కనే ఉన్నారు. నేను ధర చెప్పాను, ఆయన సరేనన్నారు, నా భుజం మీద చెయ్యి వేసి "నీ చేతుల్లో పెడుతున్నాను నాయనా" అన్నారు. ఆర్డరు పుస్తకం ఆ సమయంలో నా సంచిలోనే ఉంది. దాన్ని బయటికి తీసి "ఫాదర్ గారూ, ఇక్కడ సంతకం చేయండి" అనడానికి నాకు సిగ్గేసింది. బయటివారు ఎవరొచ్చినా సగం సొమ్ము అడ్వాన్సుగా తీసుకోనిదే కాగితం కొననివాడిని, ఆ రోజు అడ్వాన్సు మాటే ఎత్తకుండా ఇంటికి వెళ్లి, మరునాడే కాగితం, ప్లేట్లు అప్పుగా తెప్పించాను.

ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు సరిచూసే నమూనా పుటలు, సలహా సంఘం సభ్యుడొకరు తీసుకెళ్లి, నాలుగు రోజుల తర్వాత తిరిగిచ్చి "బాగుంది, వేసేయండి" అన్నారు. ఆ మాటకూ సంతకం లేదు. పండుగ వారం రోజులుందనగా, బైండింగు కూడా పూర్తయిన తర్వాత, దాతల జాబితాలో ఒక కుటుంబం పేరు లేదని తెలిసింది. ఒక్క పేరే కదా, ఒక్క పుట మార్చితే చాలదా అని అందరూ అడిగారు. పుస్తకం పని అలా ఉండదు. పెద్ద కాగితం మీద ఒకవైపు ఎనిమిది, రెండోవైపు ఎనిమిది పుటలు అచ్చవుతాయి. దాన్ని మడిస్తే 16 పుటల ఫారం వస్తుంది. అలాంటి ఫారాలు పదింటిని వరుసగా పేర్చి కుడితే ఆ సంచిక. దాతల జాబితా తొమ్మిదో ఫారంలో ఉంది. ప్రతి పుస్తకానికీ అట్ట చించి, కుట్టు విప్పి, ఆ ఫారం తీసేసి, మళ్లీ అచ్చువేసిన దాన్ని ఆ స్థానంలో పెట్టి, మళ్లీ కుట్టి, కొత్త అట్ట అతికించి, అంచులు మళ్లీ కోశాం. రెండోసారి అంచు కోసినప్పుడు పుస్తకం కొంచెం చిన్నదవుతుంది. ఇప్పటికీ నా బల్ల మీద ఆ సంచిక ప్రతి ఒకటి ఉంది. దాని పుటల అంకెలు కింది అంచుకు దాదాపు ఆనుకునే ఉంటాయి.

ఇద్దరు పనివాళ్లతో ఆరు రాత్రులు కూర్చుని పండుగ ముందు రోజు 1,000 ప్రతులూ అప్పగించాను. మూడు వారాలకు విచారణ గురువుకు బదిలీ అయింది. కొత్తగా వచ్చిన గురువు నా మాట ఓపికగా విన్నారు, విచారణ దస్త్రాలన్నీ నా ఎదుటే తెరిచి చూశారు. వాటిలో నా పేరు మీద ఒక్క కాగితం కూడా లేదు. మెట్ల మీద ఉన్న సభ్యుల్లో ఒకరు, చెప్పిన ధరలోనే దిద్దుబాట్లు కూడా కలిసి ఉన్నాయని అన్నారు. రెండోవారు, జూబిలీ కోసం నా వంతు కానుకగా కొంత తగ్గిస్తానన్నట్టు తమకు గుర్తుందని అన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పారని నేను అనుకోవడం లేదు. రాసుకోని మాట ఎవరి మనసులో వారికి అనుకూలంగా పెరుగుతుంది. అసలు ధరలో సగానికి కాస్త ఎక్కువ 11 నెలల తర్వాత అందింది. తొమ్మిదో ఫారం ఖర్చు పూర్తిగా నా మీదే పడింది.

డబ్బు నష్టం కంటే నన్ను ఎక్కువగా కుదిపింది పుస్తకాలు అప్పగించిన తర్వాతి శనివారం. సాయంత్రం యంత్రం ఆపేశాక మా బైండరు చేతులు తుడుచుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాడు. వేళ్ల కొసల మీద జిగురు ఎండి తెల్లటి పొరలుగా లేస్తోంది. ఆరు రాత్రులు అదనంగా పనిచేసిన మనిషి, కూలి మాట మాత్రం నోరు తెరిచి అడగలేదు. విచారణ నుంచి డబ్బు రాలేదని చెప్పి సగం కూలి చేతిలో పెట్టాను. "పర్లేదు సార్" అని వెళ్లిపోయాడు. మరునాడు పూజకు ముందు పాపసంకీర్తనంలో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు) ఈ విషయం చెప్పుకున్నప్పుడు, ఆ రోజు అతిథిగా వచ్చిన వృద్ధ గురువు నన్ను ఒక్క ప్రశ్న అడిగారు: "వాళ్లు నీకు బాకీ, నువ్వు అతనికి బాకీ. ఈ రెండింటినీ ఎందుకు కలుపుతున్నావు?" నా దగ్గర జవాబు లేదు. సోమవారం ఉదయం ఇంట్లో దాచుకున్న సొమ్ము తీసి మిగతా కూలి ఇచ్చేశాను.

కూలి ఎగ్గొట్టడం పరలోకానికి మొర వినిపించే పాపమని చిన్నప్పుడు సత్యోపదేశంలో (కతోలిక విశ్వాస బోధలో) చదువుకున్నదే. పొలం కోసినవారి కూలి ఆపితే ఆ కూలే మొరపెడుతుందని యాకోబు లేఖ చెబుతుంది. పనిచేసినవాడి కూలి రాత్రి దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని మన బైబులులోని తోబీతు గ్రంథంలో తోబీతు తన కొడుక్కి చెబుతాడు. 1891లో పదమూడవ లియో పోపు గారు 'రేరుం నొవారుం' విశ్వలేఖలో (పోపు గారు బోధగా రాసే బహిరంగ లేఖలో) ఇదే మాటను పారిశ్రామిక యుగానికి వర్తింపజేశారు. పనివాడు ఒప్పుకున్నంత మాత్రాన కూలి న్యాయమైనదైపోదని కూడా సత్యోపదేశం స్పష్టంగా చెబుతుంది. నేను వీటిని పుణ్యానికి సంబంధించిన మాటలుగానే చదివాను, వ్యాపార ప్రణాళికలోకి రావలసిన అంకెలుగా చదవలేదు. మీరు పనివారిని పెట్టుకునే వ్యాపారమైతే, కనీసం మూడు నెలల జీతాలు విడిగా ఒక ఖాతాలో వేసి, ఆ ఖాతాను సరుకు కోసం గానీ అద్దె కోసం గానీ ముట్టుకోనని నిశ్చయించుకున్న తర్వాతే తలుపు తెరవండి. ఆ మూడు నెలల సొమ్ము సమకూరకపోతే మీ వ్యాపారానికి ఇంకా సమయం రాలేదన్నమాట. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు అడిగినది శిష్యరికం గురించే అయినా, ఉపమానం నిలబడింది మాత్రం మామూలు మనిషి వేసుకునే మామూలు లెక్క మీదే.

"దేవుడు చూసుకుంటాడు" అనే మాట మనవాళ్లు వ్యాపారం దగ్గర వాడే తీరు నాకు బాధ కలిగిస్తుంది. లెక్క వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు, ఒప్పందం రాయించుకుంటే ఎదుటివారిని అవమానించినట్టు మాట్లాడతారు. మన బైబులులోనే ఉన్న సీరా జ్ఞానగ్రంథం 42వ అధ్యాయం తెరిచి చూడండి. ఏ విషయాల్లో సిగ్గుపడకూడదో అక్కడ వరుసగా చెప్పి ఉంది: భాగస్వామితో లెక్కలు చూసుకోవడం, తూకం రాళ్లు సరిగా ఉన్నాయో లేదో చూడటం, ఇచ్చింది, పుచ్చుకుంది అంతా రాసిపెట్టుకోవడం. మెట్ల మీద నన్ను ఆపిన సిగ్గు సరిగ్గా ఇదే. జమా ఖర్చులను రెండు వైపులా రాసే పద్ధతిని వివరించి 1494లో వెనిస్‌లో పుస్తకం అచ్చువేయించిన లూకా పచోలి ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన సన్యాసి. వర్తకుడు తన మొదటి లెక్కల పుస్తకాల మీద సిలువ గుర్తు వేసుకోవాలని కూడా ఆయన రాశారు. అచ్చుపని చేసేవాడిగా ఆ సంగతి నాకు ఎంతో ఇష్టం. సిలువ గుర్తు వేసిన పుస్తకంలో తప్పు లెక్క రాయడానికి చెయ్యి ఆడదు.

మన విచారణతో గానీ, కతోలిక సంస్థలతో గానీ వ్యాపారం చేసేవారికి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం తెలిసి ఉండటం చాలా అవసరం. తొలి ఆర్డరు తరచుగా అక్కడి నుంచే వస్తుంది కనుక ఇది కొంచెం వివరంగా చెబుతాను. 1983 నాటి శ్రీసభ చట్ట స్మృతి ప్రకారం విచారణ తరఫున చట్టపరమైన వ్యవహారాలు నడిపేది విచారణ గురువు. సలహా సంఘం సభ్యుడు ఎంత పెద్దమనిషైనా అతని మాట విచారణ మాట కాదు. ప్రతి విచారణకూ ఒక ఆర్థిక సంఘం ఉండాలి. సాధారణ నిర్వహణ పరిధిని మించిన పనికి పీఠాధిపతి (బిషప్) రాతపూర్వక అనుమతి కావాలి. అది లేకుండా గురువు చేసిన ఒప్పందం చెల్లదు, దానివల్ల విచారణకు ఏదైనా మేలు జరిగి ఉంటే ఆ మేరకు తప్ప విచారణ దానికి జవాబుదారీ కాదు. అంటే, మీకు మాట ఇచ్చిన గురువు ఎంత మంచివారైనా, ఆయన మాటకు హద్దు ఉంది. బదిలీ అనేది గురువుల జీవితంలో మామూలు విషయం. కాబట్టి కాగితం అడగడం ఆయన మీద అనుమానం కాదు, ఆయన తర్వాత వచ్చేవారికి మీరు చేసే సహాయం.

హామీ సంతకాల విషయంలో నేను మరింత కఠినంగా ఉంటాను. జూబిలీ సంచిక నష్టం తర్వాత మా బావగారు ప్రేమతో ముందుకొచ్చి, బ్యాంకు అప్పుకు తాను హామీ ఉంటానన్నారు. వద్దన్నాను, ఆయన కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు. హామీ ఉండటం వల్ల బాగా బతికినవారు ఎందరో చితికిపోయారని సీరా జ్ఞానగ్రంథం 29వ అధ్యాయం హెచ్చరిస్తుంది. శక్తి మేరకు పొరుగువాడికి సాయం చెయ్యి, నువ్వు మాత్రం పడిపోకుండా చూసుకో అని కూడా అక్కడే ఉంది. గురువులైతే తమ సొంత ఆస్తి మీద కూడా, తమ పై అధికారిని సంప్రదించకుండా ఎవరికీ హామీ ఉండకూడదని శ్రీసభ చట్టమే నిషేధించింది. గురువులకు అంత జాగ్రత్త అవసరమైనప్పుడు, పిల్లలున్న మీ బావమరిదికో అన్నగారికో ఇంకెంత అవసరమో ఆలోచించండి. మీ వ్యాపారం పోతే మీ సొమ్ము పోవాలి గానీ, మిమ్మల్ని ప్రేమించినందుకు మరొకరి ఇల్లు పోకూడదు. అందుకోసం చిన్నగా మొదలుపెట్టాల్సి వస్తే చిన్నగానే మొదలుపెట్టండి. నేను రెండో యంత్రం కొనడానికి ఆరేళ్లు ఆగాను.

లాభం గురించి ఒక్క మాట. విచారణలో తెలిసినవారు ధర తగ్గించమని అడిగినప్పుడు, లాభం తీసుకోవడమే తప్పన్నట్టు మనలో ఒక అపరాధ భావం కలుగుతుంది. 1991లో రెండవ జాన్ పాల్ పోపు గారు 'చెంతేసిముస్ ఆన్నుస్' విశ్వలేఖలో, సంస్థ సరిగా నడుస్తోందనడానికి సూచనగా లాభానికి న్యాయమైన పాత్ర ఉందని ఒప్పుకుంటూనే, అదొక్కటే కొలమానం కాదని, అందులో పనిచేసే మనుషుల గౌరవం కూడా చూడాలని చెప్పారు. కానుక ఇవ్వదలిస్తే పూర్తి ధరకు బిల్లు రాసి, పూర్తి సొమ్ము తీసుకుని, ఆ తర్వాత మీ సొంత డబ్బులోంచి కానుక కవరు వేయండి. ధరలో కలిపేసిన కానుక మీ లెక్కల్లోనూ ఉండదు, వాళ్ల జ్ఞాపకంలోనూ ఉండదు.

ఉద్యోగం ఎప్పుడు మానాలన్నది మీ అసలు ప్రశ్నలో ఒక భాగం. పై అధికారి మీద కోపంతోనో, మనసు బాగా కుంగి ఉన్నప్పుడో మానకండి. మనసు చీకటిగా ఉన్న సమయంలో, అంతకుముందు ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దని యేసు సభను స్థాపించిన పునీత లొయోలా ఇగ్నాసి గారు చెప్పిన నియమం ఉద్యోగం మానే రోజుకు సరిగ్గా సరిపోతుంది. నేను రెండేళ్లు ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు అచ్చుపని చేశాను. ఆ రెండేళ్లలో నేను వదులుకోని రోజు ఆదివారం. ఆ రోజు కూడా పని పెట్టుకున్నవారు నా కళ్ల ముందే అలసిపోయి, తొందరపాటు నిర్ణయాలు తీసుకున్నారు.

కిందటేడు వేరే విచారణ నుంచి ప్రార్థన పుస్తకాల ఆర్డరు వచ్చింది. పూజ అయ్యాక గురుమందిరంలో కూర్చుని రెండు పుటల కాగితం ఫాదర్ గారి ముందు పెట్టాను. ప్రతుల సంఖ్య, ధర, సగం అడ్వాన్సు, ప్రూఫు మీద ఎవరు సంతకం చేయాలి, సంతకం తర్వాత వచ్చే మార్పుల ఖర్చు ఎవరిది, మిగతా సొమ్ము ఏ తేదీకి ఇవ్వాలి అన్నవి అందులో ఉన్నాయి. ప్రార్థన పుస్తకం కనుక పీఠాధిపతి అనుమతి పత్రం నకలు జతచేయాలని కూడా రాశాను. ఆయన మొత్తం చదివారు. ప్రూఫు సంతకం గడిలో ఆర్థిక సంఘం కార్యదర్శి పేరు తానే రాసి, కింద సంతకం చేసి, విచారణ ముద్ర వేసి, ఒక ప్రతి తన దస్త్రంలో పెట్టుకుని రెండోది నాకు ఇచ్చారు.